నాణెం రంగు మారితే రాత మారదు!

రూపాయి బిళ్ల రాగిలా ఎర్రగా ఉంది. ఐదు రూపాయల బిళ్ల మసిబొగ్గులా నల్లబడింది. పది రూపాయల నాణెం మధ్యలో గుండ్రంగా గీత గీసినట్టు పచ్చటి చిలుము పట్టింది. చిల్లర డబ్బా బోర్లిస్తే ఇలాంటివి ప్రతి ఇంట్లోనూ ఒకటో రెండో బయటపడతాయి.

వాటితో వచ్చే తంటా ఏంటంటే... బస్సులో ఇస్తే 'ఇది చెల్లదమ్మా, వేరేది ఇవ్వండి' అంటాడు కండక్టర్‌. అదే నాణేన్ని ఫొటో తీసి నలుగురికీ చూపిస్తే 'ఇది టంకశాలలో జరిగిన పొరపాటండీ. చాలా అరుదు. లక్షలు పలుకుతుంది' అంటాడు ముక్కూమొహం తెలియని ఓ పెద్దమనిషి. ఒకరి దృష్టిలో అది పనికిరాని రేకు ముక్క. మరొకరి దృష్టిలో లంకెబిందె. చాలాసార్లు ఆ రెండూ నిజం కాదు. రంగు మారినా రూపాయి రూపాయే. అంతకన్నా తక్కువా కాదు, ఎక్కువా కాదు.

అయితే ఎప్పుడో ఒకసారి ఆ రంగు వెనక నిజంగానే ఓ కథ ఉంటుంది. దాన్ని కనిపెట్టడానికి పెద్ద ప్రయోగశాలేం అక్కర్లేదు. ఓ అయస్కాంతం, ఓ భూతద్దం, బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న త్రాసు, కాసింత ఓపిక... ఇవి చాలు!

ముందు లోహం సంగతి తేల్చాలి

నాణెం రంగు గురించి మాట్లాడుకునే ముందు అది దేంతో తయారైందో తెలియాలి. ఎందుకంటే ఒక్కో లోహానిది ఒక్కో జబ్బు. రాగికి వచ్చేది స్టీలుకు రాదు. స్టీలుకు వచ్చేది అల్యూమినియానికి రాదు.

మన రూపాయి బిళ్ల 1992 నుంచి స్టెయిన్‌లెస్‌ స్టీలుతో వస్తోంది. అందులో 83 శాతం ఇనుము, 17 శాతం క్రోమియం. వంటింట్లో చాలా స్టీలు గిన్నెలకు అయస్కాంతం అతుక్కోదు కానీ ఈ రకం స్టీలుకు ఠక్కున అతుక్కుంటుంది. నదుల్లో భక్తులు వేసిన నాణేలను తాడుకు అయస్కాంతం కట్టి కుర్రాళ్లు పైకి లాగేది ఈ గుణం వల్లే. అంతకుముందు, అంటే 1975 నుంచి వచ్చిన రూపాయి రాగి, నికెల్‌ కలిసిన మిశ్రమం. ముప్పాతిక వంతు రాగే అయినా చూడటానికి తెల్లగా ఉంటుంది. దాన్ని అయస్కాంతం పట్టించుకోదు. పదకొండు పలకల పాత రెండు రూపాయల బిళ్ల, మందంగా బరువుగా ఉండే పాత ఐదు రూపాయల బిళ్ల కూడా ఆ జాతివే.

2005లో రెండు రూపాయల నాణెం స్టీలుకు మారింది. ఐదు రూపాయల నాణెం 2007లో స్టీలుతో వచ్చి, 2009 నుంచి పసుప్పచ్చటి నికెల్‌ బ్రాస్‌ అవతారమెత్తింది. అందులో 75 శాతం రాగి, 20 శాతం జింకు, 5 శాతం నికెల్‌. అంటే మన ఇత్తడి బిందెకు దగ్గరి చుట్టమన్నమాట. పది రూపాయల నాణేనికి రెండు లోహాలు. బయటి పసుపు వలయం అల్యూమినియం బ్రాంజ్‌. అందులో 92 శాతం రాగే. 2020లో వచ్చిన పన్నెండు పలకల 20 రూపాయల నాణేనికి బయటి వలయం నికెల్‌ సిల్వర్‌. పేరులో సిల్వర్‌ ఉందని సంబరపడక్కర్లేదు. 65 శాతం రాగి, 15 శాతం జింకు, 20 శాతం నికెల్‌... వెండి మాత్రం వెతికినా కనిపించదు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ నాణేలేవీ పైపూత వేసినవి కావు. రూపాయి బిళ్లను అడ్డంగా కోసినా లోపలా బయటా అదే స్టీలు. దొంగ కబుర్లు పట్టుకోవడానికి తర్వాత ఇదే పనికొస్తుంది.

వంటింట్లోనే ఉంది పాఠం

రంగు ఎందుకు మారుతుందో తెలియాలంటే రసాయన శాస్త్రం పుస్తకం తెరవనక్కర్లేదు. వంటింట్లోకి తొంగిచూస్తే చాలు.

రాగి చెంబును నాలుగు రోజులు తోమకుండా వదిలేస్తే ఎర్రటి మెరుపు పోయి గోధుమ రంగులోకి దిగుతుంది. అది గాల్లోని ఆక్సిజన్‌ పని. ఇంకొన్నాళ్లు పోతే నల్లబడుతుంది. తడి తగులుతూ ఉంటే పచ్చటి చిలుము పుడుతుంది. రాగి ఎక్కువగా ఉన్న ఐదు, పది, ఇరవై రూపాయల నాణేలదీ ఇదే దారి. ముందు మెరుపు తగ్గుతుంది, తర్వాత గోధుమరంగు, ఆపైన నలుపు. చెమట, ఉప్పు తగిలితే ఆ ప్రయాణం మరింత వేగంగా సాగుతుంది.

వెండి పట్టీలు, కుంకుమ భరిణె బీరువాలో పెట్టినా నల్లబడతాయి. గాల్లో అతి కొద్దిగా ఉండే గంధకపు వాయువులు వెండితో కలిసి నల్లటి పొర కడతాయి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని బట్టలు కూడా గంధకాన్ని వదులుతాయి. పాత వంద రూపాయల స్మారక నాణేలున్నవాళ్లు ఈ సంగతి గమనించాలి. వాటిలో చాలావాటిలో సగం వెండి, 40 శాతం రాగి, మిగిలింది నికెల్‌, జింకు. పెట్టెలో పెట్టి మురిపెంగా దాచుకున్నా ఒక్క వేలిముద్ర చాలు. ఆరునెలలకో ఏడాదికో ఆ వేలి గీతలు గోధుమ రంగులో తేలతాయి.

ఇక స్టీలు. దాని మీద కంటికి కనిపించని క్రోమియం ఆక్సైడ్‌ పొర ఉంటుంది. గీత పడితే దానంతటదే మళ్లీ కట్టుకుంటుంది. అందుకే రూపాయి బిళ్ల ఏళ్ల తరబడి చేతులు మారినా తెల్లగానే ఉంటుంది. కానీ స్టీలు గిన్నె పొయ్యి మీద మాడిపోయినప్పుడు అడుగున బంగారు రంగు, ఊదా, నీలం చారలు రావడం ఎవరు చూడలేదూ? మోటార్‌ సైకిల్‌ సైలెన్సర్‌ గొట్టం మీద కూడా అవే రంగులు. విపరీతమైన వేడికి ఆ పొర మందమవుతుంది. వెంట్రుకలో సుమారు వెయ్యోవంతు మందం ఉండే ఆ పొర పైనుంచీ కిందనుంచీ తిరిగొచ్చే వెలుగు కలిసి కొన్ని రంగుల్ని తినేసి, కొన్నింటిని చూపిస్తుంది. తడి రోడ్డు మీద పడ్డ నూనె చుక్కలో, సబ్బు బుడగలో హరివిల్లు కనిపించేది కూడా ఇలాగే. కాబట్టి ఇంద్రధనుస్సు రంగులున్న రూపాయి బిళ్ల కనిపిస్తే అది టంకశాల వింత అనుకునే ముందు గ్యాసు పొయ్యిని అనుమానించాలి!

ముడుపు నుంచి హారతి పళ్లెం దాకా...

మన ఇళ్లలో నాణెం ఖర్చు పెట్టడానికే కాదు, పూజకూ పనికొస్తుంది. రంగు మారిన నాణేల్లో చాలావాటి పుట్టుపూర్వోత్తరాలు అక్కడే దొరుకుతాయి.

పసుపు బట్టలో కట్టిన ముడుపు ఏళ్ల తరబడి దేవుడి గూట్లో ఉంటుంది. బట్ట తడి పీల్చుకుంటుంది. లోపలి నాణేనికి పసుపు అంటుకుపోయి, కింద మచ్చలు పడతాయి. పసుపు మరకకు సబ్బు తగిలితే ఎర్రబడటం బట్టలుతికే ప్రతి ఇల్లాలికీ తెలుసు. సున్నం తగిలినా అంతే. పసుపు అంటిన స్టీలు బిళ్లకు సబ్బు నీళ్లు తగిలితే అదీ ఎర్రబడుతుంది. చూసినవాళ్లు 'రాగి రూపాయి' అనుకుంటారు!

కలశంలో వేసిన నాణెం నీళ్లలో రోజుల తరబడి నానుతుంది. రాగి ఉన్న నాణెమైతే పచ్చబడుతుంది. హారతి పళ్లెంలో వేసిన నాణేనికి కర్పూరం మసి పడుతుంది. మరీ మంట పక్కనే ఉంటే వేడి కూడా తగులుతుంది. భోగిపళ్లలో రేగుపళ్లతో కలిపి పోసిన చిల్లరకు పులుపు అంటుతుంది. తాంబూలం పళ్లెంలో సున్నం తగిలిన పాత అల్యూమినియం ఐదు పైసలు, పది పైసల బిళ్లల మీద తెల్లటి పొడి లేస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్ర తీర పట్టణాల్లో ఉప్పుగాలి సంగతి చెప్పనక్కర్లేదు. ఉప్పు తగిలితే స్టీలు కూడా పూర్తిగా తట్టుకోలేదు. చిన్న చిన్న తుప్పు చుక్కలు పడతాయి.

పది రూపాయల నాణేనిది మరో తీరు. రెండు వేర్వేరు లోహాలు ఆనుకుని ఉన్నచోట తడి, ఉప్పు చేరితే అక్కడ చిన్నపాటి బ్యాటరీ పుట్టినట్టే. వాటిలో బలహీనమైన లోహం ముందు దెబ్బతింటుంది. అందుకే వలయం, మధ్య బిళ్ల కలిసేచోట నల్లగానో పచ్చగానో గీత పడుతుంది. అది నకిలీకి గుర్తు కాదు. చెమటకు గుర్తు.

సేకరణ అలవాటున్న పిల్లల ఇళ్లలో ఇంకో శత్రువు ఉంది. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌ కవర్లు! కాలం గడిచేకొద్దీ ఇవి ఆమ్లాన్నీ, జిడ్డునూ వదులుతాయి. నాణెం మీద జిగటగా, ఆకుపచ్చగా పొర కడుతుంది. వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది. ఆల్బం తెరవగానే ఘాటైన కొత్త ప్లాస్టిక్‌ వాసన వస్తే నాణేల్ని వెంటనే బయటికి తీసేయడం మంచిది. గట్టిగా, గాజులా ఉండే పాలియెస్టర్‌ కవర్లయితే ఆ భయం లేదు.

టంకశాల పొరపాటేనా?

అలాగని టంకశాలలో పొరపాట్లే జరగవా అంటే... జరుగుతాయి. మన దేశంలో ముంబయి, కోల్‌కతా, హైదరాబాద్‌, నోయిడాల్లో టంకశాలలున్నాయి. సంవత్సరం కింద అయిదు కోణాల నక్షత్రం ఉంటే అది హైదరాబాద్‌ది. సైఫాబాద్‌లో 1903లో మొదలైన టంకశాల 1997లో చర్లపల్లికి తరలింది. పాత భవనంలో 2022లో ప్రదర్శనశాల ప్రారంభించారు.

ఎక్కడైనా తయారీ పద్ధతి ఒకటే. లోహపు రేకు నుంచి బిళ్లల్ని కోస్తారు. అవి గట్టిగా ఉంటాయి కాబట్టి కొలిమిలో వేడిచేసి మెత్తబరుస్తారు. కడిగి, ఆరబెట్టి, అంచు లేపి, చివరగా అచ్చుల మధ్య పెట్టి ఒత్తుతారు. ఆ కొలిమిలోకి గాలి చొరబడినా, వేడి లెక్క తప్పినా బిళ్ల రంగు మారిపోతుంది. అమెరికాలో అయిదు సెంట్ల నాణేల్లో ఇలా రాగి రంగుకో నలుపుకో తిరిగినవి దొరుకుతుంటాయి. వాటికి సేకర్తల్లో గిరాకీ ఉంది.

మరి దాన్ని గుర్తుపట్టేదెలా? కొలిమి తప్పయితే ముందు రంగు మారింది, తర్వాత ముద్ర పడింది. కాబట్టి ఆ రంగు నాణెం అంతటా, అక్షరాల సందుల్లోనూ, అంచుమీదా ఒకేలా పరుచుకుని ఉంటుంది. వెలుతురులో తిప్పితే కొత్త నాణేనికుండే మెరుపు ఆ రంగులోంచే కనిపిస్తుంది. బయటికొచ్చాక అంటిన రంగు అలా ఉండదు. ఒకచోట దట్టంగా, ఒకచోట పల్చగా ఉంటుంది. కారిన చారలు, చుక్కలు కనిపిస్తాయి. మెరుపును కప్పేస్తుంది.

రెండో రకం పొరపాటు ఒక నాణేనికి ఉద్దేశించిన బిళ్ల మరో నాణెం అచ్చులో పడటం. అప్పుడు రంగుతోపాటు బరువు కూడా మారుతుంది. 1992లో మొదలైన పెద్ద రూపాయి బిళ్ల బరువు 4.85 గ్రాములు. పసుపు ఐదు రూపాయలది 2009లో వచ్చినప్పుడు 6 గ్రాములు. మందంగా ఉండే పాత తెల్ల ఐదు రూపాయలది 9 గ్రాములు. ఇరవై రూపాయల నాణెం 8.54 గ్రాములు. అరిగిపోతే కాస్త తగ్గడం మామూలే. అంతేతప్ప బరువు సరిగ్గా ఉండి రంగు ఒక్కటే మారితే అది వేరే బిళ్ల అయ్యే అవకాశం చాలా తక్కువ. ఒకే విలువ నాణేలు ఏళ్లను బట్టి వేర్వేరు బరువుల్లో వచ్చాయి కాబట్టి అదే సంవత్సరం, అదే రకం మామూలు నాణేన్ని పక్కన పెట్టి తూచడం తేలికైన పద్ధతి.

మూడోది పైపొర ఊడిపోవడం. అమెరికాలో పావు డాలరు లాంటివి రాగి బిళ్లకు రెండువైపులా తెల్లటి రేకు అతికించి చేస్తారు. ఒకవైపు రేకు లేకుండా ముద్రపడితే ఆ వైపు ఎర్రగా ఉంటుంది, బరువూ తగ్గుతుంది. అక్కడ అది నిజంగానే అరుదైన నాణెం. ఆ కథ విన్నవాళ్లు మన రూపాయికీ అదే వర్తిస్తుందనుకుంటారు. లోపలా బయటా ఒకటే స్టీలయినప్పుడు ఊడిపోవడానికి పొర ఏదీ? 'పైపొర రాకుండా తయారైన రాగి రూపాయి' అని ఎవరైనా అమ్మజూపితే ఆ మాట దగ్గరే ఆగిపోవచ్చు.

అయస్కాంతం చెప్పిన నిజం

రంగు ఎంత మోసం చేయగలదో చెప్పడానికి అమెరికా సెంటు కథను మించింది లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో తూటాల తొడుగులకు రాగి కావాల్సి వచ్చింది. దాంతో 1943లో అక్కడి టంకశాలలు సెంట్లను రాగి మిశ్రమంతో కాకుండా జింకు పూసిన ఉక్కుతో చేశాయి. అవి తెల్లగా ఉండేవి. అయితే ముందు ఏడాది మిగిలిపోయిన రాగి బిళ్లలు కొన్ని యంత్రాల్లో చిక్కుకుని, 1943 ముద్రతో బయటికొచ్చేశాయి. లెక్కపెట్టగలిగినన్నే!

ఆ సంగతి పొక్కడంతో దేశమంతా చిల్లర వెతకడం మొదలుపెట్టింది. రాగి సెంటు తెచ్చిస్తే హెన్రీ ఫోర్డ్‌ కారు ఇస్తాడన్న పుకారు ఊరూవాడా పాకింది. అది వట్టి పుకారే. కానీ నాణేనికి మాత్రం నిజంగానే విలువ పెరిగింది. డెన్వర్‌ టంకశాలలో ముద్రపడ్డ అలాంటి సెంటు ఒకటి 2010లో ఏకంగా 17 లక్షల డాలర్లకు అమ్ముడైంది.

డబ్బు ఉన్నచోట మాయ ఉంటుంది కదా! మామూలు ఉక్కు సెంటుకు రాగి పూత పూసి అమ్మేవాళ్లు బయల్దేరారు. చూడటానికి అచ్చం రాగి సెంటే. కానీ అయస్కాంతం దగ్గర పెడితే టక్కున అతుక్కునేది. అసలు రాగి సెంటు కదలదు. బరువూ తేడానే. ఉక్కుది 2.7 గ్రాములు, రాగిది 3.11 గ్రాములు. కంటికి కనిపించే రంగు అబద్ధం చెప్పినా, లోపలి లోహం చెప్పదు.

ఆ సెంట్లు 1982 నుంచి మళ్లీ మారాయి. అప్పట్నుంచీ లోపలంతా జింకు, పైన పల్చటి రాగి పూత. అమెరికాలో పిల్లలున్న తెలుగిళ్లలో ఇవి గుప్పెడైనా దొరుకుతాయి. వాటి మీద బుడగలు, తెల్లటి మచ్చలు, బూడిదరంగు గుంటలు కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. పూత చిట్లినచోట లోపలి జింకు కరిగిపోతోందన్నమాట. చలామణీ కోసం సెంట్ల తయారీని అమెరికా 2025 నవంబరులో ఆపేసింది. ఇప్పుడు వాటి మీద ఆసక్తి పెరిగినా, మచ్చ పడ్డ సెంటు మచ్చ పడ్డ సెంటే.

దొంగ రంగు పట్టేదెలా?

మైలుతుత్తం నీళ్లు, చిన్న బ్యాటరీ ఉంటే తెల్ల నాణేనికి ఎర్ర పూత వేయడం బడిపిల్లల ప్రయోగమంత తేలిక. పొయ్యి మీద పెడితే హరివిల్లు రంగులు. గంధకం తగిలిస్తే నలుపు. పూర్వం కొందరు ఆకతాయిలు రాగి పైసకు పాదరసం రుద్ది వెండిలా మెరిపించేవారు. పాదరసం ఆవిరి పీలిస్తే నరాలకు ప్రమాదం. అలా తయారైన నాణెమని అనుమానమొస్తే చేత్తో రుద్దకుండా పక్కన పెట్టేయాలి. ఇలాంటి రంగుల్ని పట్టుకోవడానికి వరసగా ఇలా చూస్తే సరిపోతుంది.

* అయస్కాంతం: సంవత్సరాన్ని బట్టి ఏ లోహం ఉండాలో, అయస్కాంతం కూడా అదే చెబుతోందా? ఎర్రగా ఉన్న స్టీలు రూపాయి అతుక్కుంటే అది పూతో మరకో!

* త్రాసు: అదే రకం మామూలు నాణెంతో పోల్చి తూచాలి. తేడా లేకపోతే కథ పైపైనే ఉన్నట్టు.

* భూతద్దం: రంగు ఎక్కడ ఉందో చూడాలి. చేతులు మారిన నాణెంలో ఎత్తుగా ఉన్న అంకెలు, సింహాల తలలు ముందు అరిగి మెరుస్తాయి, సందుల్లో నలుపు నిలుస్తుంది. బాగా అరిగిన చోట కూడా కొత్త రంగు నిగనిగలాడుతుంటే అది ఈమధ్యే వేసింది.

* రంగుల వరస: ఏళ్ల తరబడి సహజంగా వచ్చిన పొర సాధారణంగా అంచు నుంచి లోపలికి పాకుతుంది. లేత పసుపు, తర్వాత ఎరుపు కలిసిన ఊదా, ఆ తర్వాత నీలం... ఒకదాంట్లోంచి ఒకటి మెల్లగా కలుస్తాయి. ఉన్నట్టుండి గీత గీసినట్టు మారే రంగులు, ముదురు మరకలు, చారలు కనిపిస్తే సందేహించాల్సిందే.

* అంచు: మోసగాళ్లు ఎక్కువగా మర్చిపోయేది పక్క అంచునే. రెండువైపులా ఎర్రగా ఉండి అంచు గాడిలో తెల్లగా ఉంటే గుట్టు రట్టయినట్టే.

* అసిటోన్‌: అప్పటికీ తేలకపోతే శుద్ధమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి తీయొచ్చు. నూనె, రంగు, జిగురు, ప్లాస్టిక్‌ జిడ్డు అందులో కరిగిపోతాయి. లోహం మీద సహజంగా కట్టిన పొర కరగదు. దీనికి నిప్పు ఇట్టే అంటుకుంటుంది. కాబట్టి పొయ్యికి దూరంగా, గాలి ఆడేచోట, పెద్దవాళ్లే చేయాలి.

అమెరికాలో నాణేలకు శ్రేణులిచ్చే సంస్థలు కూడా కావాలని రంగు మార్చినవని తేలితే వాటికి మామూలు శ్రేణి ఇవ్వవు.

తోమితే అంతే!

నల్లబడ్డ నాణెం కనిపిస్తే చాలామంది చేసే మొదటి పని చింతపండు వెతకడం. ఇత్తడి బిందెకు అది మంచిదే. నాణేనికి కాదు. చింతపండులోని పులుపు పైనున్న నల్లపొరతోపాటు ఇత్తడి జాతి లోహంలోని జింకును కూడా కొంత లాగేస్తుంది. మిగిలిన రాగి వల్ల నాణెం గులాబీ రంగులో, పాలిపోయినట్టు కనిపిస్తుంది. 'గులాబీ రంగు ఐదు రూపాయలు' అని కొందరు చూపించేవాటిలో ఇలాంటివీ ఉంటాయి. నిమ్మకాయ, సబ్బుపొడి, పీచు, టూత్‌పేస్టు... ఏది రుద్దినా సన్నటి గీతలు పడతాయి. భూతద్దంలో చూస్తే ఆ గీతలన్నీ ఒకే దిశలో దువ్వినట్టు కనిపిస్తాయి. సేకర్తలు తోమిన నాణేన్ని ఎంత మెరిసినా పక్కన పెట్టేస్తారు. తాతగారు దాచిన వెండి రూపాయిని మనవడు ముచ్చటపడి తళతళలాడించాడంటే, దాని ధరలో పెద్ద భాగాన్ని తోముడుపీచుకు ఇచ్చేసినట్టే!

వందేళ్ల నాణెం మీద సమానంగా పరుచుకున్న పొర దాని వయసు. దాన్ని తీసేయడానికి వీలుంది, తిరిగి తేవడానికి లేదు. ఆకుపచ్చ జిడ్డు, పొడిపొడిగా రాలే చిలుము మాత్రం వయసు కాదు, రోగం. అలాంటి నాణేన్ని మిగతావాటి నుంచి విడిగా పెట్టి, తెలిసినవాళ్లకు చూపించాలి.

మరి చెల్లుతుందా?

చెల్లుతుంది. 2011 నాటి నాణేల చట్టం ప్రకారం నాణెం రూపురేఖలు చెడగొట్టకుండా, బరువు నిర్ణీత పరిమితికన్నా తగ్గకుండా ఉంటే అది చెల్లుబాటయ్యేదే. వాడకంలో నల్లబడిందన్న ఒక్క కారణంతో చెల్లకుండా పోదు. ఉపసంహరించిన 25 పైసలు, అంతకన్నా తక్కువ విలువ నాణేలు మాత్రం 2011 జూన్‌ 30తో చలామణీ నుంచి వెళ్లిపోయాయి. పది రూపాయల నాణేల మీద పుకార్లు పుట్టి, దుకాణాల్లో తీసుకోవడం మానేసినప్పుడు రిజర్వు బ్యాంకు 2018 జనవరిలో వివరణ ఇచ్చింది. అప్పటికి వచ్చిన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని చెప్పింది. బ్యాంకు శాఖలు అన్ని విలువల నాణేలనూ తీసుకోవాలన్నది కూడా రిజర్వు బ్యాంకు మాటే. దుకాణంలో వాదన పెట్టుకునే ఓపిక లేనివాళ్లకు అదో దారి.

అదే చట్టం నాణేల్ని కరిగించడాన్నీ ధ్వంసం చేయడాన్నీ నిషేధించింది. తప్పు చేస్తే ఏడేళ్ల దాకా జైలుశిక్ష పడొచ్చు. కాబట్టి సరదాకైనా పొయ్యి మీద కరిగించి చూద్దామనుకోవడం మంచిది కాదు.

అసలు ప్రమాదం అక్కడ కాదు, ఫోన్లో ఉంది. వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల నాణేలకు లక్షలిస్తామని, రంగు మారిన రూపాయికి ఇంకా ఎక్కువిస్తామని ప్రకటనలు తిరుగుతుంటాయి. నమ్మి ఫోన్‌ చేస్తే ముందు రిజిస్ట్రేషన్‌ రుసుమంటారు. తర్వాత కమీషనంటారు. ఆపైన పన్నంటారు. కొందరైతే రిజర్వు బ్యాంకు పేరే వాడుకుంటారు. అందుకే ఆ బ్యాంకు 2021 ఆగస్టులో ప్రజల్ని హెచ్చరించింది. పాత నోట్లు, నాణేల కొనుగోళ్లతో తనకు సంబంధం లేదని, వాటి కోసం ఎలాంటి రుసుమూ కమీషనూ అడగనని స్పష్టం చేసింది. లెక్క చాలా సులువు. నాణెం నిజంగా అంత విలువైనదే అయితే కొనేవాడు డబ్బులివ్వాలి. అమ్మేవాడి దగ్గర అడుగుతున్నాడంటే వాడికి కావాల్సింది నాణెం కాదు!

ఇన్ని పరీక్షలూ చేశాక కూడా అంతు చిక్కని నాణెం ఒకటి చేతిలో మిగిలితే దాన్ని తోమొద్దు, అమ్మొద్దు, పారేయొద్దు. అంచులు పట్టుకుని మెత్తటి పొడి కాగితంలో చుట్టి, అది ఎప్పుడు, ఎక్కడ దొరికిందో ఓ చీటీ మీద రాసి పక్కన పెట్టాలి. సేకర్తలు ధర చెప్పే ముందు అడిగే మొదటి ప్రశ్న అదే. అమ్మే ఉద్దేశం లేనివాళ్లకూ ఆ చీటీ పనికొస్తుంది. నల్లబడ్డ పాత రూపాయి నానమ్మ మొక్కుకుని కట్టిన ముడుపులోదని రేపు ఎప్పుడో ఇంట్లో పిల్లలకు తెలియాలంటే రంగు చెప్పదు, బరువు చెప్పదు. ఆ చీటీయే చెప్పాలి.